ఒక్క స్నేహం మీదే దేశాన్ని వేలాడదీస్తారా?

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ పత్రికలో విదేశాంగ విధానం మీద వచ్చిన వ్యాసం చదివి ఊరుకుందామనే అనుకున్నాను. నాలుగు రోజులైనా మనసు ఊరుకోలేదు. గట్టి మిత్రదేశం ఒకటుంటే చాలు, మిగతావాళ్లను బతిమాలే పని లేదన్నది దాని సారం. ఆ మిత్రదేశం మొదటి సగంలో రష్యా, రెండో సగంలో అమెరికా! ఎవరో తేల్చుకోకుండానే వ్యాసకర్త మనకు భరోసా ఇచ్చేశారు.

సోవియట్ యూనియన్‌గా ఉన్నప్పుడు రష్యా చేసిన మేలు కాదనను. 1971 ఆగస్టులో ఒప్పందం చేసుకుంది, డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు అమెరికా ఏడో నౌకాదళం బంగాళాఖాతంలోకి వస్తే మన పక్షాన నిలబడింది. విశాఖ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన సంగతి మా వైపు పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ ఆ తర్వాత మన విమానాల్లో, ట్యాంకుల్లో ఎక్కువ భాగం అక్కడి సరుకే అయిపోయింది. 1991లో ఆ సోవియట్ యూనియనే ముక్కలైంది. విడిభాగాల కోసం కొత్తగా పుట్టిన దేశాలన్నీ తిరగాల్సి వచ్చింది.

ఆ తిప్పలు అక్కడితో ఆగలేదు. రష్యా మన నౌకాదళానికి కట్టిన తుషిల్ యుద్ధనౌకకు ఇంజిన్లు ఉక్రెయిన్‌వి. 2014లో రష్యాతో తగవు వచ్చాక ఆ దేశానికి ఇంజిన్లు ఇవ్వనని ఉక్రెయిన్ భీష్మించింది. చివరికి మనమే ఉక్రెయిన్ దగ్గర కొని రష్యా ఓడల కార్ఖానాకు చేర్చాం. వాళ్లిద్దరికీ తగవైతే మధ్యవర్తిత్వం మనది, ఖర్చూ మనదే. 2018లో ఒప్పందం చేసుకున్న ఎస్-400 గగనతల రక్షణ క్షిపణుల్లో చివరి రెండు దళాల సరఫరా కూడా రష్యా-ఉక్రెయిన్ యుద్ధం పుణ్యమా అని వెనకబడింది.

పోనీ, అమెరికాను నమ్ముదామా? రాకెట్లకు వాడే క్రయోజెనిక్ ఇంజిన్ పరిజ్ఞానం మనకివ్వకుండా 1993లో రష్యా మెడలు వంచింది వాళ్లే. సొంత ఇంజిన్‌తో మన జీఎస్ఎల్‌వీ రాకెట్ విజయవంతంగా ఎగరడానికి 2014 జనవరి దాకా ఆగాం. మన తేజస్ యుద్ధవిమానానికి 2021లో 99 అమెరికా ఇంజిన్లు ఆర్డరిస్తే మొదటిది 2025 మార్చిలో వచ్చింది. విమానం మనం చేసుకున్నా ఎగరడం మాత్రం వాళ్ల వీలును బట్టే.

ఇదంతా ఢిల్లీ గొడవ అనుకునేవాళ్లు మా సంతబొమ్మాళి, వజ్రపుకొత్తూరు వైపు రొయ్యల చెరువు గట్ల మీదికి రండి. 2025 ఆగస్టులో ట్రంప్ మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతం చేశాడు. పాత సుంకాలతో కలిపి రొయ్య మీద అది 58 శాతం దాటింది. మన రొయ్యకు అన్నిటికంటే పెద్ద మార్కెట్ అమెరికాయే కాబట్టి ఇక్కడ రొయ్య రేట్లు పడిపోయాయి. మేత రేటు మాత్రం అంగుళం దిగలేదు. వనామీ రకం రొయ్య వేయండి, డాలర్లు పండించండి అని ఊరూరా మీటింగులు పెట్టినవాళ్లలో ఒక్కరైనా ఆ అమెరికా కొనకపోతే ఎలాగని అప్పుడు ఆలోచించారా? సుంకం పడ్డాక మాత్రం ఇతర దేశాల మార్కెట్లు వెతుకుతామన్నారు. అదేదో ముందే వెతికితే ఎవరు కాదన్నారు?

అదే ఖరీఫ్‌లో యూరియా కోసం రైతులు క్యూలో చెప్పులు పెట్టి చెట్టు కింద కూర్చున్నారు. చైనా ఎగుమతులు బిగించడం అందుకు ఒక కారణం. మిగతా కారణాలు మన గోడౌన్లలోనే ఉన్నాయనుకోండి, అది వేరే లేఖ.

మా ఉద్దానం కుర్రాళ్లు పనికి వెళ్లే ఖతార్‌ను చూడండి. 2017 జూన్‌లో సౌదీ సరిహద్దు మూసేస్తే అక్కడ పాలకు కూడా కటకటే. దాంతో విమానాల్లో ఆవులను దింపుకుని సొంత డెయిరీ పెట్టుకున్నారు. డబ్బున్న దేశం కాబట్టి చెల్లింది.

మన ఆయుధాల దిగుమతిలో రష్యా వాటా 2010-14లో 72 శాతం ఉంటే 2020-24కి 36 శాతానికి దిగిందని స్వీడన్‌లోని సిప్రీ సంస్థ లెక్క. ఈ మార్పు మంచిదే. ఫ్రాన్స్, ఇజ్రాయెల్‌తో పాటు మన కార్ఖానాలకూ ఆ చోటు దక్కాలి తప్ప అంతా మళ్లీ ఒకే గుమ్మానికి చేరకూడదు. మన ఉత్తరాంధ్ర ఎంపీలు పార్లమెంటులో ఈ విషయం అడుగుతారేమోనని చూస్తుంటాను. వాళ్లేమో రైలు ఆగే స్టేషన్ల గురించి అడుగుతారు. ఆ రైళ్లూ ఆగవు.

మీ పత్రికలో లేఖలను ఈమధ్య నాలుగు లైన్లకు కుదిస్తున్నారు. ఇదీ కత్తిరించక తప్పదంటే యూరియా, రైళ్లు తీసేయండి. తుషిల్ ఇంజిన్ల సంగతి మాత్రం వదలకండి, మీ వ్యాసకర్త చదవాలి.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా