నాయనా, మొదట దీపం పెట్టు

కర్నూలు

నాయనా,

నిన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. కంపెనీలో మళ్లీ మనుషుల్ని తీసేస్తున్నారు, రూం ఖాళీ చేయాలి, వచ్చే నెల ఏ ఊర్లో ఉంటానో తెలీదు, ఇంత టెన్షన్‌లో దేవుడి మీద మనసెట్లా నిలుస్తుందమ్మా అన్నావు.

మీ జేజి సంగతి చెప్తాను. శ్రీశైలం డ్యాం నీళ్లలో ఊరు మునిగినప్పుడు ఆమె ఇల్లు, చేను, కాపురానికొచ్చిన వీధి అన్నీ పోయాయి. కర్నూలొచ్చి కాస్త కుదురుకున్నాం అనుకుంటే, 2009 అక్టోబరులో తుంగభద్ర ఈ ఇంట్లోకీ వచ్చింది. అప్పుడు నువ్వు చిన్నోడివి. నీళ్లు తీశాక మేమంతా బియ్యం, బట్టలు, కాగితాలు వెతుక్కుంటున్నాం. ఆ బురదలో జేజి ముందు దేవుడి గూడు కడిగింది. ఏడుస్తూనే కడిగింది. పటాలేవీ మిగల్లేదు. ఉత్త గోడకే పసుపు రాసి, బొట్టు పెట్టి, దీపం ముట్టించింది. ఆ తర్వాతే పార పట్టింది.

భక్తి ఉంటే భయం ఉండదంటారు కొందరు. నేనొప్పుకోను. వాన గట్టిగా పడితే జేజి చివరిదాకా నిద్రపోయేది కాదు. అయినా ఏం పోయినా సరే, ఆ పూట మొదట చేయాల్సిన పనేదో ఆమెకు తెలుసు.

ఆమె కొలిచిన సంగమేశ్వరుడూ నీళ్లపాలైనవాడే. డ్యాం వచ్చినప్పటి నుంచి ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ గుడి మునిగే ఉంటుంది. లోపల వేపమాను లింగం. ఎండాకాలం నీళ్లు దిగితే ఒండ్రు తీసి, కడిగి పూజలు మొదలుపెడతారు. కృష్ణ మళ్లీ ఎక్కితే శిఖరానికి పూజ చేసి వచ్చేస్తారు. మళ్లీ మునుగుతుందని తెలిసీ కడుగుతారు చూడు, నా మనసు అక్కడే ఆగిపోతుంది.

పూజ చేస్తే నీ ఉద్యోగం నిలుస్తుందని నేను చెప్పను. పొద్దున ఫోన్ చూడకముందే స్నానం చేసి ఓ అయిదు నిమిషాలు దేవుడి ముందు కూర్చో. మంత్రాలు రాకపోతే పర్లేదు, నీ భయమేదో ఆయనకే చెప్పు. రూం మారితే, సామాన్లు విప్పకముందే దీపం పెట్టు.

ఈ వేసవిలో లీవు దొరికితే రా. నందికొట్కూరు మీదుగా సంగమేశ్వరం పోదాం. మోకాళ్ల నొప్పులున్నా మీ నాయన కూడా వస్తానంటున్నాడు.

అమ్మ