నీ కాళ్ళ వాపు, నాన్న కళ్ళు తిరగడం, నా పరీక్షలు

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన పాదాల ఫొటో చూశాను. సాక్సు అచ్చు అలా దిగబడిందేందిరా! పొద్దున పదింటికి చీరల షాపులో నిలబడితే మళ్ళీ కూర్చునేది రాత్రి తొమ్మిదిన్నరకే అన్నావు. "నర్సమ్మా, ఇదేం రోగమో చెప్పు" అని వెటకారం ఒకటి. చెప్తా. వాట్సాప్‌లో రెండు ముక్కల్లో తేలేది కాదని కూర్చుని ఉత్తరం రాస్తున్నా. సోమవారం నుంచి నర్సింగ్ మొదటి సెమిస్టర్ పరీక్షలు, నీకు చెప్పినట్టూ ఉంటుంది, నేను చదివినట్టూ ఉంటుంది.

ముందు నా ఏడుపు విను. పోయిన వారం వైవాలో తొడ ఎముక చేతిలో పెట్టి "కుడిదా, ఎడమదా?" అన్నారు. గుండ్రటి తల లోపలి వైపుకి, నున్నటి పక్క ముందుకి రావాలి. అంతే లెక్క. నేను టెన్షన్‌లో తలకిందులుగా పట్టుకుని ఎడమదన్నాను. సార్ నవ్వలేదు, అదింకా ఘోరం. మొత్తం 206 ఎముకల్లో అన్నిటికన్నా పెద్దదాన్నే తిరగేసి పట్టుకున్నానని హాస్టల్ అంతా పాకింది. ఆ కసితో ఎముకలు మాత్రం బాగా పట్టేశాను. నీ చిటికెన వేలు వైపు, అరచెయ్యి మొదట్లో మణికట్టు ముడత దగ్గర నొక్కి చూడు. బఠాణీ గింజంత గట్టిగా తగులుతుందా? దాని పేరు పిసిఫార్మ్, అంటే బఠాణీ ఆకారంలో ఉన్నది అనే. పేరు పెట్టినవాళ్ళు మనలాంటి వాళ్ళే అనిపించింది.

ఎముకలు సరే, మిగతావన్నీ ఒక్కో అధ్యాయం బట్టీ పట్టడం, మర్నాటికి మర్చిపోవడం. గుండె ఒకరోజు, కిడ్నీ ఒకరోజు, దేనికదే. అలాంటిది సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు నాన్న మంచం మీద నుంచి లేచి, కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాడు. బీపీకి కొత్త మాత్ర రాసినప్పటి నుంచి అలా అవుతోందట. ఆయన చేసిన వైద్యమేంటో తెలుసా? ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేశాడు! నాకు తిక్కరేగి, మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి మోతాదు మార్పించాను.

ఆ రాత్రి పుస్తకం తీస్తే అన్ని అధ్యాయాలూ ఆ మంచం చుట్టూనే ఉన్నాయిరా. లేచి నిలబడగానే అర లీటరు పైన రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి దిగిపోతుంది. గుండెకి తిరిగొచ్చేది తగ్గుతుంది, మెదడుకి ఎక్కేదీ తగ్గుతుంది. మెడలో, దవడ కింద నాడి అందే చోట, రక్తనాళం గోడలోనే ఒత్తిడిని కనిపెట్టే నరాల చివర్లున్నాయి. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని వంపులో ఇంకొన్ని. ఒత్తిడి తగ్గిందని, మెదడుకి నేరుగా అతుక్కున్న కపాల నరాల్లో తొమ్మిదోది, పదోది మెదడు కింది భాగానికి కబురు చేస్తాయి. అక్కణ్నుంచి ఉత్తర్వు వస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఇదంతా కొన్ని సెకన్లలో. మనకి తెలియనే తెలియదు. వయసు మీద పడితేనో, మందు ప్రభావం వల్లనో ఆ సర్దుబాటు కాస్త ఆలస్యమైతే, ఇదిగో, గోడ పట్టుకోవాలి.

తర్వాత కిడ్నీ దిగుతుంది. దానిది నిదానం పని. ఒత్తిడి తగ్గిందంటే రెనిన్ అనే ఎంజైమ్ వదులుతుంది. లివర్ తయారుచేసి రక్తంలో వదిలిన ఒక ప్రోటీన్‌ని ఆ రెనిన్ కత్తిరిస్తుంది. ఆ ముక్క ఊపిరితిత్తుల్లోంచి వెళ్తూ యాంజియోటెన్సిన్ 2 అనే హార్మోన్ అవుతుంది. అది రక్తనాళాలను బిగిస్తూనే, కిడ్నీ నెత్తిన టోపీలా కూర్చున్న అడ్రినల్ గ్రంథికి చెప్పి ఆల్డోస్టిరాన్ అనే ఇంకో హార్మోన్ విడుదల చేయిస్తుంది. "ఉప్పూ నీళ్ళూ బయటికి పోనీకు" అని మళ్ళీ కిడ్నీకే ఆర్డరు! మా మేడమ్ దీన్ని బోర్డు మీద బాణాలతో గీసినప్పుడు నేను ఆవలించాను. నాన్నని చూశాక ఒక్క బాణం మర్చిపోలేదు. అన్నట్టు రెండు కిడ్నీలూ కలిపి రోజుకి 180 లీటర్లు వడకడతాయి, మూత్రంగా పోయేది లీటరున్నర. మిగతాదంతా వెనక్కి లాగేసుకుంటాయి. మా అమ్మ కన్నా పొదుపు!

ఇక నీ సంగతి. కాళ్ళలోకి దిగిన రక్తం పైకెక్కాలంటే గుండె ఒక్కటే లాగలేదు. పిక్క కండరం నడిచినప్పుడల్లా సిరల్ని పిండుతుంది. వాటిలో ఉన్న వాల్వులు పిండిన రక్తాన్ని కిందికి జారనివ్వవు. పిక్కని రెండో గుండె అనేది అందుకే. నువ్వేమో కస్టమర్ ముందు కట్రాటలా నిలబడతావు. పిండేవాడు లేక ఒత్తిడి పెరిగి, సన్నటి నాళాల్లోంచి నీరు పక్కకి ఊరి పాదాల్లో చేరుతుంది. కాబట్టి చీర మడత పెడుతూ మడమలు ఎత్తి దించు, సందు దొరికితే నాలుగడుగులు వెయ్యి, రాత్రి కాళ్ళ కింద దిండు పెట్టుకో. మీ ఓనరు ఏమన్నా అంటే నర్సమ్మ చెప్పిందను.

ఆ పిక్క కదలడానికి ఖర్చయ్యేది ఏటీపీ, అంటే కణాలకి శక్తినిచ్చే రసాయనం. కండరంలో దాన్ని మొదట కనిపెట్టినవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. 1920లలో అమెరికాలోని హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి పనిచేశాడు. నేను చదివే పుస్తకంలో ఏటీపీ ప్రతి పేజీలో ఉంది, ఆయన పేరు ఒక్కచోటా లేదు. నాకు మహా మంటగా ఉంది.

నాన్న ఇప్పుడు ముందు మంచం అంచున కూర్చుని, కాళ్ళాడించి, అప్పుడు లేస్తున్నాడు. "డాక్టరమ్మ ఆర్డరు" అని ఊరంతా చెప్పుకుంటున్నాడట. నర్సునని ఎన్నిసార్లు చెప్పినా వినడు.

మెస్ గంట కొట్టారు, ఆలస్యమైతే పెరుగు అయిపోతుంది. పిన్నిని అడిగానని చెప్పు.

నీ
సుజి

తా.క.: రెండు కాళ్ళూ సాయంత్రానికి వాచి పొద్దునకి తగ్గిపోతే నేను చెప్పింది చెయ్యి. తగ్గకపోతే ఒకసారి డాక్టరుకి చూపించుకో. ఉన్నట్టుండి ఒక్క కాలే వాచి పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే మాత్రం నా ఉత్తరం పక్కన పడేసి ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళు. సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అప్పుడు తిక్కవేషాలెయ్యకు.