నల్లమలలో కార్చిచ్చు: నిర్ణయాలు సంక్రాంతిలోపే జరగాలి

సంపాదకుల వారికి,

అయ్యా,

వానలు బాగా పడి నల్లమల కొండలు నిండు పచ్చగా కనబడుతున్న ఈ కార్తీక మాసంలో కార్చిచ్చు గురించి ఉత్తరం రాయడం మీ పాఠకులకు కొంత వింతగా తోచవచ్చు. కానీ ఈ ఏడు నడుమెత్తు పెరిగిన బోద గడ్డే సంక్రాంతి దాటేసరికి ఎండిపోతుంది, ఆపైన టేకు, నల్లమద్ది, తునికి చెట్లు ఆకు రాల్చి దాని మీద పరుస్తాయి, శివరాత్రి నాటికి ఆర్పని బీడీ ముక్క ఒక్కటి చాలు అన్నట్టుగా కొండ తయారై ఉంటుంది. అడవి అంటుకున్న రాత్రి ఎవరు ముందు నడవాలి, ఎవరికి కబురు చేయాలి, మంటను ఏ బాట దగ్గర ఆపాలి అన్నవి ఆ రాత్రి తేల్చుకునే విషయాలు కావు. వాటిని తేల్చుకోవలసిన కాలం ఇదే గనుక ఇప్పుడే రాస్తున్నాను.

నేను పశ్చిమ ప్రకాశంలో దోర్నాల, యర్రగొండపాలెం ప్రాంతపు బడులలో ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి, కొండ పాదాన ఉన్న మా ఊళ్ళోనే స్థిరపడినవాణ్ణి. మొన్న మార్చిలో ఒక సాయంత్రం అయిదింటప్పుడు ఊరి వెనక గట్టు మీద పొగ లేచింది. అలాంటి పొగ ఏటా చూసేదే కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చీకటి పడ్డాక అది ఎర్రని గీతగా మారింది. ఎనిమిదింటికల్లా ఆ గీత రెండు కొండల మేర సాగి, ఒక కొస మా గడ్డివాముల దొడ్ల వైపు, మరొక కొస చెంచు గూడెం వైపు దిగసాగింది. వెదురు గణుపులు పగిలే చప్పుడు ఊళ్ళోకి వినబడుతుంటే ఆడవాళ్ళు పసిపిల్లల్ని చంకనేసుకుని బస్సు ఆగే చోటికి చేరారు. మగవాళ్ళలో సగం మంది వాముల మీద నీళ్ళు చల్లుతుంటే, మిగతా సగం మంది గొడ్ల పలుపులు కోసి వదిలేశారు. అలా వదిలిన గొడ్లన్నీ బెదిరి రోడ్డెక్కి, తరువాత వచ్చిన ఫైరింజన్‌ను అరగంటసేపు అక్కడే నిలబెట్టాయి.

మేము మొదట ఫోన్ చేసిన కార్యాలయంలో మంట ఏ బీట్‌లో, అంటే అటవీ శాఖ కాపలా కోసం విడదీసుకున్న ఏ భాగంలో ఉందో చెప్పమన్నారు. మాకు కొండ పేరు తెలుసు గాని బీట్ పేరు తెలియదు. రెండోచోట, వాగు అవతలిది తమ పరిధిలోకి రాదన్నారు. ఎనిమిదిన్నరకే మంట ఆ వాగు దాటి ఇవతలికి వచ్చింది. ఫైరింజన్ తారు రోడ్డు అయిపోయిన చోట ఆగింది. కొండ మీదికి పైపు లాగమని ఊరివాళ్ళు, అంత పైపు తమ దగ్గర లేదని సిబ్బంది చాలాసేపు వాదులాడుకున్నారు. అందులో ఎవరి తప్పూ లేదని ఇప్పుడు నాకు అర్థమవుతున్నది. అడవి మంటను నీళ్ళతో ఆర్పడం ఏ బండి తరమూ కాదు. ఆ బండి ఉండవలసిన చోటు కొండ కాదు, మా వాముల దొడ్లు, పూరిళ్ళు ఉన్న వీధి. ఎగిరివచ్చే నిప్పురవ్వ వాము మీద పడ్డ క్షణంలో దానితో పని. ఆ మాట చెప్పి దాన్ని అక్కడ నిలబెట్టే మనిషి ఆ రాత్రి లేకపోయాడు.

ఊరిని కాపాడింది గూడెం నుంచి వచ్చిన ఎనిమిది మంది చెంచులు. వారిలో పెద్దాయన మంట దగ్గరికి పోనే లేదు. పాత గొడ్ల బాట మీద నిలబడి, గుప్పెడు దుమ్ము తీసి గాలిలోకి వదిలి చూశాడు. "ఇప్పుడు పోతే మనమే కాలతాం అయ్యవారూ, కోడి కూసే ముందు గాలి పడిపోతాది, అప్పుడు చూద్దాం" అన్నాడు. అంతవరకు ఊరకే కూర్చోలేదు. పచ్చి కొమ్మలు విరిచి చీపుర్లుగా కట్టించి, బాట పొడవునా రాలిన ఆకంతా ఊడ్పించి, మూడు బారల వెడల్పున ఉత్త నేల బయటపడేలా చేయించాడు. మా ఊరి కుర్రవాళ్ళు కూడా అప్పటికి ఏడ్పులూ అరుపులూ మాని వారితో కలిశారు. మూడున్నర ప్రాంతంలో గాలి నిజంగానే పడిపోయింది. అప్పుడు బాట అంచు నుంచి కొండ వైపుకు ఎదురగ్గి పెట్టారు. ఆ సన్నని మంట నెమ్మదిగా పైకి పాకి, దిగివస్తున్న పెద్ద మంటను కలిసిన చోట రెండూ ఒక్కసారి చెట్టంత ఎత్తు లేచి, కాలడానికి ఏమీ మిగలక కూలిపోయాయి. తెల్లవారి చూస్తే బాటకు అవతల నల్లని నేల, ఇవతల తడిసిన మా వాములు ఉన్నాయి.

ఆయన చేసిన పని శాస్త్రానికి అక్షరాలా సరిపోతుంది. మంట బతకడానికి వేడి, గాలి, కాలే పదార్థం మూడూ కావాలి. అడవిలో మనిషి చేతిలో ఉన్నది మూడోది మాత్రమే. వాలు పది డిగ్రీలు పెరిగితే ఎగువకు పోయే మంట వేగం దాదాపు రెట్టింపవుతుందని లెక్క. అందుకే గట్టు మీద, మంటకు ఎగువన నిలబడి ఆర్పబోయినవారు దానికి చిక్కుతారు. పగటి మూడింటికి గాలిలో తేమ అడుగంటి ఉంటుంది, తెల్లవారుజామున కొంత తిరిగి వస్తుంది. అయితే ఎదురగ్గి ఎవరు పడితే వారు పెట్టవలసినది కాదని గట్టిగా చెప్పదలిచాను. గాలి తిరిగిందంటే అదే రెండో కార్చిచ్చు అవుతుంది. 2018 మార్చిలో తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో మంటల మధ్య చిక్కుకుని, ట్రెక్కింగ్‌కు వెళ్ళిన ఇరవై మందికి పైగా చనిపోయారు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని బిన్సర్ అభయారణ్యంలో మంటలు ఆర్పడానికి వెళ్ళిన అటవీ సిబ్బందే ప్రాణాలు పోగొట్టుకున్నారు. తెలిసినవారు వద్దన్నచోటికి పోకుండా ఉండడం కూడా మంటను ఎదుర్కోవడంలో భాగమే.

తెలిసినవారి మాట చెల్లే ఏర్పాటు మనకు ఉందా అన్నదే నా ప్రశ్న. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1970లో పదమూడు రోజుల పాటు చెలరేగిన కార్చిచ్చుల్లో 16 మంది చనిపోయారు. ఆ తరువాత జరిపిన సమీక్షలో బయటపడింది మనుషుల కొరతో బండ్ల కొరతో కాదు. వచ్చిన శాఖలన్నీ ఎవరి దారిన వారు పనిచేయడం, ఒకరి మాట ఒకరికి అందకపోవడం. ఘటన జరిగినప్పుడు ఎన్ని శాఖలు వచ్చినా ఆజ్ఞ ఒక్కచోటి నుంచే వెలువడాలనే పద్ధతి అక్కడ అలా పుట్టింది. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కూడా 2010లో అదే తరహా మార్గదర్శకాలను ఇచ్చింది. అవి కొండ కింద ఊళ్ళదాకా దిగిరాలేదు. మా మండలంలో అడవి అంటుకుంటే అటవీ, అగ్నిమాపక, రెవెన్యూ, పోలీసు, పంచాయతీ సిబ్బంది అందరూ ఎవరి మాట వినాలో, ఆ పేరు, ఆయన అందుబాటులో లేకపోతే రెండో పేరు, జనవరిలోగా ప్రతి గ్రామ సచివాలయం గోడ మీద రాసి ఉండాలని కోరుతున్నాను. బీట్ల పేర్లతో పాటు మేము పిలుచుకునే కొండల, వాగుల పేర్లున్న పటం ఒకటి దాని పక్కనే ఉంటే, ఫోన్ చేసినవారికీ ఎత్తినవారికీ ఒకే భాష వస్తుంది.

ఉపగ్రహాలు చూసుకుంటాయి కదా అని కొందరు అంటున్నారు. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుంచి ఉపగ్రహాల సాయంతో మంటలను గుర్తిస్తున్నది. 2017 నుంచి 375 మీటర్ల మేర ప్రాంతాన్ని ఒక చుక్కగా చూడగల పరికరం సమాచారాన్ని కూడా వాడుతున్నది. ఎంతో మేలైన పని, కాదనను. కానీ ఆ పరికరం ఉన్న ఉపగ్రహం మన మీదుగా సాగేది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో ఒకసారి, అర్ధరాత్రి దాటాక ఆ వేళకే మరొకసారి. మా ఊరి వెనక పొగ లేచింది అయిదింటికి. ఆ ఎనిమిది గంటలూ చూడవలసినవి మనుషుల కళ్ళే. ఆ సంస్థ పంపే మంటల హెచ్చరికలు మొబైల్‌కు రావాలంటే ఎవరైనా పేరు నమోదు చేసుకోవచ్చు. సర్పంచులు, సచివాలయ సిబ్బంది, బడి పంతుళ్ళు ఎంతమంది నమోదు చేసుకున్నారో ఒకసారి విచారిస్తే బాగుంటుంది. నేను మంట చూసిన తరువాతే చేసుకున్నాను.

జనాన్ని ఖాళీ చేయించే విషయంలో మా అనుభవం మరీ దయనీయం. మంచం పట్టిన ఒక ముసలమ్మ ఇంట్లోనే ఉండిపోయిందని పదకొండు దాటాక గాని ఎవరికీ గుర్తు రాలేదు. అమెరికా పడమటి రాష్ట్రాలలో సిద్ధంగా ఉండండి, బయలుదేరే స్థితిలో ఉండండి, ఇప్పుడే వెళ్ళిపోండి అని మూడు మెట్లలో హెచ్చరిస్తారు. మనకు అంత యంత్రాంగం అక్కరలేదు. గుడి మైకులో మొదటిసారి చెప్పినప్పుడు ముసలివారిని, బాలింతలను, నడవలేనివారిని తరలించడం, రెండోసారి గొడ్లను ఏ పొలంలోకి తోలాలో ఆ పొలంలోకే తోలడం, మూడోసారి అందరూ కదలడం. ఇంతే. గొడ్లను రోడ్డు మీదికి వదలకూడదన్న ఒక్క మాట ముందే అనుకుని ఉంటే ఆ అరగంట మిగిలేది. యర్రగొండపాలెం మండలంలోని పాలుట్ల వంటి లోపలి ఊళ్ళకు ఉన్నదే ఒక అడవి దారి గనుక అక్కడివారు ఎటు పోవాలన్నది మరింత ముందుగా ఆలోచించవలసిన సంగతి. శివరాత్రికి, ఉగాదికి శ్రీశైలం నడిచివెళ్ళే భక్తులు దారిలో పొయ్యి పెట్టుకునే చోట్లు కూడా ముందే చదును చేసి చూపించాలి. వద్దని బోర్డు పెడితే పొయ్యి మానరు, బోర్డు కనబడని చోటికి పోయి పెడతారు.

ఇక నా మనసును ఎక్కువగా కలచినది చెబుతాను. ఆ ఎనిమిది మందిలో ఇద్దరు అంతకుముందు వేసవిలో కాపలాకు కుదిరినవారే. వారి కూలి డబ్బులు దీపావళి దాటాక గాని చేతికి రాలేదట. అంతకన్నా బాధాకరమైన సంగతి, మంట ఆరిన మరునాడు అది ఎలా పుట్టిందని విచారించడానికి వచ్చినవారు మొట్టమొదట పిలిపించింది ఆ పెద్దాయన కొడుకునే. అడవిలో అగ్గి పుట్టడానికి తేనె దివిటీలు, ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద కసువు కాల్చడం కొంతవరకు కారణమన్నది నిజమే. కొత్త గడ్డి కోసం పశువుల కాపరులు, తునికి చిగురు కోసం మరికొందరు పెట్టే నిప్పూ, ఘాట్ రోడ్డు మీద బండ్లలో నుంచి విసిరే సిగరెట్లూ కూడా అంతే నిజం. కబురు తెచ్చినవాడినే అనుమానిస్తే మరుసటి ఏడు కబురు రాదు. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అటవీ వనరులను కాపాడుకునే హక్కును ఆ గూడేలకే ఇచ్చింది. ఆస్ట్రేలియా ఉత్తరాన ఆదివాసులు ఎండలు ముదరకముందే గడ్డిని చిన్న చిన్న ముక్కలుగా కాల్చి పెద్ద కార్చిచ్చులను తగ్గిస్తుంటే, అక్కడి ప్రభుత్వం దాన్ని ఒక పనిగా గుర్తించి డబ్బు చెల్లిస్తున్నది. పులుల అభయారణ్యంలోని బేస్ క్యాంపుల్లో చెంచు యువకులను కాపలాకు పెట్టుకున్న మన అటవీ శాఖకు వారి విలువ తెలియనిది కాదు. మంట దాటకుండా గడ్డీ ఆకూ తీసి వదిలే ఫైర్ లైన్లు ఎక్కడ గీయాలన్న సమావేశంలో గూడెం పెద్దలను కూర్చోబెట్టడం, ఒప్పుకున్న కూలి నెల నెలా ఇవ్వడం, ఈ రెండూ జరిగితే చాలావరకు మార్పు వస్తుంది. అడవి మంటల నివారణకు కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్ళలో భరించే పథకం ఉన్నదే. ఆ సొమ్ము మార్చిలో కాక డిసెంబరులో అటవీ రేంజి కార్యాలయం దాకా చేరాలి.

నడి అడవిలో, ఊళ్ళకు దూరంగా, నేల మీద నెమ్మదిగా పాకే ప్రతి మంట వెంటా మనుషులను పరుగెత్తించాలని నేను అనడం లేదు. ముదురు టేకు, ఏపి చెట్లు అటువంటి మంటకు తట్టుకుంటాయి. కాని ఏటేటా అదే చోట కాలితే మొలకలు నిలవవు, తిరిగి లేచేది లంటానా కంపే. నెమలి గుడ్లు, నక్షత్ర తాబేళ్ళు, ముణగదీసుకుని బతికే అలుగు పరుగెత్తలేనివి. కాలిన కొండ మీద పడే తొలి వాన మట్టినీ బూడిదనూ గుండ్లకమ్మలోకి దించుతుంది, ఆ పూడిక చేరేది దిగువ చెరువులకే. కాబట్టి ఏ చోట మంటను తప్పక ఆపాలి, ఏ చోట కనిపెట్టుకుని ఉంటే చాలు అన్నది కూడా పటం మీద ముందే గుర్తించుకోవాలి. 2014లో శేషాచలం అంటుకున్నప్పుడు వైమానిక దళ హెలికాప్టర్లు వచ్చి నీళ్ళు చల్లాయి. తిరుమల గనుక వచ్చాయి. మా గూడేనికి అవి వస్తాయని లెక్క వేసుకుని కూర్చోలేము.

మా ఊరి వెనక ఆ పాత గొడ్ల బాట ఈ వానలకు మళ్ళీ కంపతో మూసుకుపోయింది. రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. సంక్రాంతిలోపు దాన్ని కొట్టించి, మంచు కురిసే రోజుల్లోనే అంచు గడ్డి కాల్పించి, ఈ పనికీ వేసవి కాపలాకూ ఆ ఎనిమిది మంది పేర్లు ముందుగా జాబితాలో చేర్చాలని మీ పత్రిక ద్వారా జిల్లా అధికారులను ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
దోర్నాల ప్రాంతం, పశ్చిమ ప్రకాశం