ఆయిల్ హీటర్‌కు గాలి దారి ముఖ్యం

సంపాదకులకు,

షెడ్లలో, వర్క్‌షాపుల్లో డీజిల్‌తో నడిచే వేడిగాలి హీటర్లు బిగించేవారు ఆయిల్ పైపు మీద పెట్టే శ్రద్ధ గాలి మీద పెట్టడం లేదు. లీటరు డీజిల్ పూర్తిగా కాలాలంటే కనీసం 10 ఘనపు మీటర్ల గాలి కావాలి. తలుపులన్నీ మూసి, పైగా ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిప్పితే లోపల ఒత్తిడి తగ్గుతుంది. చిమ్నీలోంచి పోవాల్సిన పొగ గదిలోకే తన్నుకొస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ ఉండదు, వాసనా ఉండదు. కాబట్టి అలారం తప్పనిసరి. ఆయిల్ మండే భాగమైన బర్నర్‌కు గాలి ఎవరూ మూయలేని జాలీ గుండా బయటినుంచే రావాలి. చిమ్నీ వీలైనంత నిటారుగా, కప్పు శిఖరం దాటి ఉండాలి.

ఆయిల్ లైన్‌కు జింక్ పూత పైపు వద్దు. జింక్ ఆయిల్‌తో కలిసి మడ్డి కట్టి, ఆయిల్ చిమ్మే నాజిల్‌ను మూసేస్తుంది. రాగి పైపు, ఫ్లేర్ జాయింట్లు (పైపు కొనను వెడల్పు చేసి నట్టుతో బిగించేవి) వాడండి. టంకం జాయింట్లు మంట తగిలితే కరిగిపోతాయి. మంటలు లేస్తే ఆయిల్ ఆపేసే ఫైర్ వాల్వ్ గోడ బయట, దాని సెన్సర్ బర్నర్ పైన ఉండాలి.

అన్నిటికంటే ప్రమాదం, ఆగిపోయిన బర్నర్‌ను మళ్లీ వెలిగించే రీసెట్ బటన్‌ను పదేపదే నొక్కడం. మంట అంటుకోని ప్రతిసారీ కాలని ఆయిల్ లోపల చేరి, చివరికి ఒక్కసారిగా భగ్గుమంటుంది. రెండోసారీ ఆగిపోతే మెకానిక్‌ను పిలవండి. ఆపేటప్పుడు మెయిన్ స్విచ్ కట్టేయకండి, థర్మోస్టాట్ తగ్గించండి. స్విచ్ కట్టేస్తే హీటర్ ఫ్యాన్ కూడా ఆగిపోతుంది; అది కాసేపు తిరుగుతూ చల్లార్చకపోతే హీట్ ఎక్స్ఛేంజర్ (మంట వేడిని గాలికి అందించే లోహపు భాగం) పగులుతుంది, ఆ పగులులోంచి పొగ వేడిగాలిలో కలుస్తుంది.

ఇట్లు,
ఒక బర్నర్ మెకానిక్