మా తోటకు నీరటి దొరికింది

హైదరాబాద్,
ఆదివారం సాయంత్రం

దోస్త్,

మొన్న ఫోన్‌లో నువ్వడిగిన మాట రెండు రోజులుగా నా చెవుల్లోనే తిరుగుతోంది. "స్థలం ఉంది, బోరుంది, పద్దెనిమిది ఇళ్ళవాళ్ళు పేర్లిచ్చారు. కానీ వీళ్ళంతా ఆర్నెల్ల తర్వాత కూడా వస్తారంటావా?" అన్నావు. తోట పెడతామని నా దగ్గరకు వచ్చేవాళ్ళంతా విత్తనాలెక్కడ కొనాలి, ఎరువెంత వేయాలి అని అడుగుతారు. మనుషుల సంగతి అడిగినవాడివి నువ్వొక్కడివే. ఫోన్‌లో తేలే ముచ్చట కాదని కూర్చుని రాస్తున్నాను. చెల్లెమ్మకు కూడా చదివి వినిపించు. రేపు నీ తోటలో సగం పని ఆమె మీదే పడుతుంది.

మాది మొదలైంది 2021లో. కరోనాకి అందరం ఇళ్ళల్లో కూర్చుని ఉన్నాం, తాజా కూర దొరికితే చాలనిపించిన రోజులవి. కాలనీ వాటర్ ట్యాంకు పక్కన 400 గజాల జాగా ఏళ్ళ తరబడి ఇటుక ముక్కలతో, సర్కారు తుమ్మతో నిండిపోయి ఉండేది. అసోసియేషన్ ఒప్పుకుంది. ఇరవై రెండు కుటుంబాలు ముందుకొచ్చాయి. ట్రాక్టర్లతో ఎర్రమట్టి, పశువుల ఎరువు తోలించాం. తొలి ఆదివారం పిల్లాపాపలతో కలిపి అరవై మందిమి ఉన్నాం రా. పారలు చాలక వంతులేసుకున్నాం. ఆ రోజు రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు.

రెండో ఎండాకాలం వచ్చేసరికి ఐదుగురం మిగిలాం.

ఎందుకలా అయిందో అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది. మొదటి ఏడాది అంతా ఉమ్మడి అన్నాం. ఎవరైనా నాటొచ్చు, ఎవరైనా కోసుకోవచ్చు. మంచి ఆలోచనే అనుకున్నాం కానీ, టమాటా నారు ఎండిపోతుంటే ఎవరికి వాళ్ళు పక్కవాళ్ళు పోస్తారులే అనుకున్నారు. అది చూసి రెండో ఏడాది మొత్తం మడులుగా పంచేశాం. అప్పుడు ఇంకో తంటా. ఎవరి మడి వాళ్ళదే. పక్క మడిలో బెండకు పల్లాకు తెగులు వచ్చి ఆకులు పసుపు ఈనెలు తేలుతున్నా, "వాళ్ళ మొక్కలు, నేనెలా పీకను" అని చూస్తూ నిలబడ్డారు. తెల్లదోమకు మడి గట్లేం తెలుసు? పది రోజుల్లో అన్ని మడుల బెండా పోయింది.

ఇప్పుడు రెండూ ఉన్నాయి. ఇంటికొక మడి, 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. వెడల్పు అంతకు మించనివ్వకు. ఏ పక్కన కూర్చున్నా చెయ్యి మడి మధ్యకు అందాలి, మడిలో కాలు పెట్టాల్సిన అవసరం రాకూడదు. ఆ మడిలో వాళ్ళిష్టం, తోటకూర వేసుకుంటారో గోంగూర వేసుకుంటారో. తీగ జాతులన్నీ మాత్రం ఉమ్మడి పందిరి మీదే. బీర, సొర, కాకర, చిక్కుడు. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి పందిరి కింద పంపకం. తెగులు సోకిన మొక్క ఎవరి మడిలో కనపడినా చూసినవాళ్ళే పీకి కవర్లో కట్టేయాలి, తర్వాత వాళ్ళకు చెప్పాలి. ఈ ఒక్క కట్టుబాటు పెట్టుకోవడానికి మాకు రెండేళ్ళు పట్టింది.

ఇక నువ్వడిగిన అసలు విషయానికొస్తాను. కొంచెం బాధగా ఉంటుంది కానీ నీకు దాచను.

ఆ రెండో ఏడాదే పందిరికి మొదటిసారి సొరకాయలు దిగాయి. శనివారం రాత్రి లెక్కపెట్టుకున్నాం, తొమ్మిది. ఆదివారం పొద్దున చూస్తే ఐదే ఉన్నాయి. గ్రూపులో ఒకాయన "గేటు తాళం వాచ్‌మన్ దగ్గరే కదా ఉండేది" అని పెట్టాడు. ఇంకొకరు అవునన్నారు. నేను ఏమీ అనలేదు. ఆ వాచ్‌మన్ భార్య పాలమూరు నుంచి వచ్చిన మనిషి. ఎవరూ రాని ఎండల్లో రోజూ పొద్దున్నే బిందెతో మన మొక్కలకు నీళ్ళు పోసింది ఆమె. ఎవరూ పొయ్యమనలేదు, ఎవరూ పైసా ఇవ్వలేదు. మొక్కలు ఎండుతుంటే చూడలేక పోసేది. గ్రూపులో మాట ఎలా చేరిందో ఆమె చెవిన పడింది. మర్నాటి నుంచి తోట వైపు రాలేదు. నాలుగు రోజుల తర్వాత తెలిసింది, ఆ కాయలు మా సభ్యుల్లోనే ఒకరు చుట్టాలొచ్చారని కోసుకున్నారట. చెప్పడం మర్చిపోయారట.

నేనూ మా ఆవిడా కలిసి వాళ్ళ గదికి వెళ్ళాం. ఆమె పిల్లకు జడ వేస్తోంది. నేను క్షమించమని అడిగాను. ఆమె తలెత్తకుండా జడ పూర్తిచేసి, రబ్బరు బ్యాండు పెట్టి, అప్పుడంది: "మాక్కూడా ఒక మడి ఇచ్చి ఉంటే నన్ను ఆ మాట అనేటోళ్ళా సార్?"

ఆ రాత్రి నాకు మీ తాత గుర్తొచ్చాడు దోస్త్. మన ఊరి చెరువు కింద ఆయన నీరటి, అంటే పొలాలకు నీళ్ళు వదిలి పంచే మనిషి. పార భుజానేసుకుని కట్ట మీద నడిచి వస్తుంటే మనం పిల్లలం వెనక పరుగెత్తేవాళ్ళం, గుర్తుందా? వంద ఎకరాల ఆసామి అయినా తూము మీద చెయ్యి వేసేవాడు కాదు. ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళన్నది మీ తాత మాటే. కల్లంలో వడ్ల రాశి దగ్గర ఆయన పాలు ఆయనకు కొలిచిన తర్వాతే బస్తాలు ఇంటికి పోయేవి. ఊరు ఆయన మీద ఆధారపడేది, ఆయన ఊరి మీద. మా తోటలో ఆ పని చేస్తున్న మనిషి ఉంది, కానీ ఆమెకు పేరు లేదు, పాలు లేదు. దొంగ అన్న మాట మాత్రం దక్కింది.

మరుసటి ఆదివారం మీటింగులో ఆమెను పూర్తి సభ్యురాలిగా తీసుకున్నాం. తన మడి తనకు. నీళ్ళ పెత్తనమంతా ఆమెది. బోరు స్విచ్ ఆమె చేతిలోనే. ఇంటికి నెలకు 200 చొప్పున వేసుకునే చందాలోంచి ఆమెకు జీతం, పందిరి పంటలో ముందుగా ఆమె వాటా. ఆమె చేసిన మొదటి పని ఏంటో తెలుసా? మధ్యాహ్నం నీళ్ళు పెట్టడం ఆపించింది. పొద్దున ఏడులోపు, లేదంటే సాయంత్రం. వేలు రెండు కణుపుల లోతు మట్టిలోకి దించి, తడి తగిలితే ఆ మడికి ఆ రోజు నీళ్ళివ్వదు. నా మడికి కూడా ఇవ్వదు. నేను అడిగితే "రేపు చూద్దాం సార్" అంటుంది. ఆ మాటలో మీ తాత గొంతు వినపడుతుంది నాకు.

ఈ సంగతి మా అమ్మాయికి చెబితే ఒక కొత్త విషయం చెప్పింది. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆవిడ, ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ, జీవితమంతా దీన్నే చదివిందట. ఊరుమ్మడి నీళ్ళు, అడవులు, పచ్చిక బీళ్ళు కొన్నిచోట్ల ఎందుకు నిలుస్తాయి, కొన్నిచోట్ల ఎందుకు పాడవుతాయి అని. స్పెయిన్‌లో వలెన్సియా అనే ఊళ్ళో ఇప్పటికీ ప్రతి గురువారం మధ్యాహ్నం చర్చి గుమ్మం ముందు రైతులే కూర్చుని నీళ్ళ తగాదాలు తీరుస్తారట. వాదనలన్నీ నోటిమాటగానే, అక్కడికక్కడే తీర్పు. ఆస్ట్రమ్ గమనించిన వాటిలో నాకు బాగా పనికొచ్చింది ఒకటుంది. తప్పు చేసినవాడికి మొదట్లోనే పెద్ద శిక్ష వేయకూడదు, మెల్లగా పెంచుకుంటూ పోవాలి. మేమూ అదే పెట్టుకున్నాం. గేటు దగ్గర పలక కట్టాం, ఏది కోసినా దాని మీద రాయాలి. రాయకపోతే మొదటిసారి ఒకరు వెళ్ళి పక్కకు పిలిచి చెబుతారు. రెండోసారి ఆదివారం అందరిలో చెబుతాం. మూడోసారి ఆ వారం పందిరి వాటా ఉండదు. మూడోసారి దాకా ఇంతవరకూ ఎవరూ రాలేదు. ఇంకో మాట, ఇలాంటివి గ్రూపులో మాత్రం రాయనివ్వకు. మనిషిని ఎదురుగా పెట్టుకుని మాట్లాడితే ఎవరైనా కాస్త ఆలోచించి మాట్లాడతారు.

వాచ్‌మన్ భార్యను చూశాక నాకు దారి దొరికింది. డ్యూటీ చార్టు రాసి గోడకు అంటిస్తే మనుషులు రారు రా. తన కోసం ఎవరో ఎదురు చూస్తున్నారనుకుంటే వస్తారు. అందుకని ఒక్కొక్కరికీ వాళ్ళ వేళకు, వాళ్ళ చేతికి సరిపోయే పని ఏదుందా అని వెతకడం మొదలుపెట్టాను.

మా వెనక వీధిలో ఒక కుర్రాడున్నాడు, సాఫ్ట్‌వేర్. ఆదివారాలు కూడా కాల్స్. ఏడాది చందా కట్టాడు కానీ తోటలో రెండుసార్లు కనపడ్డాడేమో. పేరు తీసేయమని తనే అడిగాడు. అదే వారంలో సొర పిందెలు పసుపుబారి రాలిపోతున్నాయి. సొర పువ్వు గుమ్మడిలా తెల్లవారుజామున విచ్చుకోదు. పొద్దు వాలాక విచ్చుకుని, మర్నాడు ఎండెక్కేసరికి వాడిపోతుంది. అతను ఆఫీసు నుంచి ఇంటికొచ్చే వేళ కూడా అదే. ఒకరోజు పట్టుకొచ్చి చూపించాను. సన్నటి పొడుగాటి కాడతో ఉండేది మగ పువ్వు. ఆడ పువ్వు కింద చిటికెన వేలంత పిందె ఉంటుంది, లేత నూగుతో. మగ పువ్వు కోసి, రేకలు వెనక్కి తీసేసి, మధ్యలో ఉన్న పుప్పొడిని ఆడ పువ్వు నడిబొడ్డున మెల్లగా రాయాలి. ఒక మగ పువ్వుతో రెండు మూడు ఆడ పువ్వులకు సరిపోతుంది. అతను ఫోన్ టార్చి పళ్ళ మధ్య పట్టుకుని, ఊపిరి బిగబట్టి రాశాడు. ఆ పువ్వు కాడకు ఊలు దారం కట్టాడు, గుర్తుగా. మూడో రోజు ఫోన్ చేశాడు, "అంకుల్, పిందె కిందికి వంగింది, లావెక్కుతోంది!" అని. ఆ గొంతులో సంతోషం నువ్వు వినాల్సింది. ఇప్పుడు పూత కాలంలో పందిరి బాధ్యత మొత్తం అతనిదే. ఊరెళ్తే వేరేవాళ్ళకు నేర్పి మరీ వెళ్తాడు.

ఇంకొకరు అవ్వ. కొడుకు దగ్గరకు ఊరి నుంచి వచ్చి నాలుగో అంతస్తులో ఉంటుంది. సాయంత్రాలు వచ్చి గట్టు మీద కూర్చునేది, మాట్లాడేది కాదు. ఓ రోజు మేం కలుపు తీసి బయట పోస్తుంటే లేచి వచ్చి ఆ కుప్ప ముందు కూర్చుంది. ఒక్కొక్క మొక్కనీ తీసి మూడు పక్కలకు వేసింది. ఒక పక్క గంగవాయిలి, ఒక పక్క పొన్నగంటి, మిగిలింది మూడో పక్క. "కూరను పారబోస్తరా బిడ్డా?" అంది. ఆ రాత్రి ఆరిళ్ళలో గంగవాయిలి పప్పు! మర్నాటి నుంచి పిల్లలు ఆమె చుట్టూ చేరారు. విత్తనాలు ఇప్పుడు ఆమె దగ్గరే ఉంటాయి. బీరకాయ తీగ మీదే ఎండి గలగలలాడేదాకా కోయనివ్వదు. గింజలు రాల్చి, బూడిద కలిపి, సీసాల్లో పెట్టి గుడ్డ కడుతుంది. గుప్పెడు తీసుకున్నవాళ్ళు పంట చివర రెండు గుప్పెళ్ళు తిరిగివ్వాలి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు చిరుధాన్యాల విత్తనాలను కాపాడుకుంటున్నది ఇలాంటి పద్ధతులతోనే కదా. వాళ్ళకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వచ్చిందని అవ్వకు చెబితే, "మరి మనకెప్పుడిస్తరు?" అని పిల్లలనడిగింది.

పిల్లలకు జీవామృతం డ్రమ్ము అప్పగించు, అదే, మొక్కలకు పోసే ద్రవ ఎరువు. 200 లీటర్ల నీళ్ళకు 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల గోమూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గట్టు మట్టి గుప్పెడు. రెండు రోజులు నీడలో ఉంచి పూటపూటా కర్రతో కలపాలి. ఇద్దరు పిల్లలకు పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు అని చెబితే చాలు. పిల్లల వెనక తల్లిదండ్రులు ఎలాగూ వస్తారు.

ఎండాకాలం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే తోటలు ఎక్కువగా చచ్చిపోయేది అప్పుడే. సెలవులకు అందరూ ఊళ్ళకు పోతారు. తిరిగొచ్చేసరికి మడి ఎండి నెర్రెలు విచ్చి ఉంటుంది. ముఖం చెల్లక ఇక రారు. నేను ముందు వాళ్ళ మీద కోపం తెచ్చుకునేవాణ్ణి, అది తప్పు. ఇప్పుడు ఏప్రిల్ చివర సగానికి పైగా మడుల్లో పచ్చిరొట్ట ఎరువు కోసం జనుము చల్లేస్తాం. వారానికి రెండు తడులు చాలు. నలభై, నలభై ఐదు రోజులకు పూతకొస్తుంది, అంటే సరిగ్గా మృగశిర కార్తె నాటికి. అప్పటికి అందరూ తిరిగొచ్చేస్తారు. ఆ ఆదివారం అందరం కలిసి జనుమును మట్టిలో కలిపేస్తాం. రెండు వారాలు మాగనిచ్చి విత్తనాలు పెడతాం. తిరిగొచ్చినవాడికి ఎండిన మడి కాక నడుమెత్తు పచ్చదనం కనపడుతుంది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.

ఇప్పుడు వాచ్‌మన్ వాళ్ళతో కలిపి ఇరవై ఇళ్ళున్నాయి. మూడు కుటుంబాలు వెళ్ళిపోయాయి, ఒక కుటుంబం మాత్రం నా వల్లే వెళ్ళింది. ఆయన మడి రెండు నెలలు బీడు పడితే నేనే చెప్పకుండా వేరేవాళ్ళకిచ్చేశాను. తర్వాత తెలిసింది, వాళ్ళమ్మగారు ఆసుపత్రిలో ఉన్నారట. నువ్వు మాత్రం మడి బీడు పడితే ముందు ఆ ఇంటికి వెళ్ళు. మడి సంగతి ఎత్తకు, టీ తాగి రా.

ఈ కవర్లో అవ్వ ఇచ్చిన బీర గింజలున్నాయి, చిన్న పొట్లం. నల్లగా గట్టిగా ఉన్నవే ఏరి ఇచ్చింది. రాత్రంతా నానబెట్టి పెట్టు. నీకు కూడా లెక్క అదే, పంట చివర రెండు గుప్పెళ్ళు పంపాలట, మరీ మరీ చెప్పమంది. మీ పద్దెనిమిది ఇళ్ళలో నీళ్ళు ఎవరి చేతిలో పెట్టబోతున్నావో జాబులో రాయి. అక్కడి వాచ్‌మన్ వాళ్ళకు మడి ఇచ్చావో లేదో కూడా రాయి.

చీకటి పడుతోంది. మా సాఫ్ట్‌వేర్ అబ్బాయి గేటు దగ్గర నిలబడి పిలుస్తున్నాడు, ఇవాళ నాలుగు ఆడ పువ్వులు విచ్చాయట, టార్చి పట్టుకోవాలి.

నీ
దోస్త్