యోసెమిటీ మంచు దారిలో కనిపించిన ఆ పెద్దాయనకు

నిన్న అర్ధరాత్రి దాటాక ఇంటికి చేరాం. వేళ్లు ఇంకా సరిగ్గా వంగడం లేదు. అయినా ఇది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

మంచు కప్పుకున్న యోసెమిటీని (అమెరికాలో కాలిఫోర్నియాలోని నేషనల్ పార్కు) ఫొటో తీయాలని తెల్లవారకముందే 41వ నంబరు రోడ్డు మీద బయల్దేరాం. పార్కులోని వావోనా ఊరు దాటాక అంతా ఎక్కుడే. చింకపిన్ కూడలి దగ్గర రోడ్డు దాదాపు 6,000 అడుగుల ఎత్తుకు చేరుతుంది. ఇంకా అక్కడికి చేరకముందే మంచులో జారకుండా టైర్లకు చెయిన్లు (చుట్టూ వేసే గొలుసులు) వేసుకోవాలని బోర్డు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. ముప్పావు గంట తంటాలు పడి వేశాను. తీరా కారు తీస్తే ముందు చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతున్నాయి.

అప్పుడు వెనక ఒక పాత పికప్ ఆగింది. డెబ్బై దాటి ఉంటాయి ఆయనకు. ఒక్క చూపు చూసి, "నీ కారును లాగేది ముందు చక్రాలు బాబూ, చెయిన్లు వెనక వేశావు" అన్నారు. విసుగు లేదు, నవ్వు లేదు. బండిలోంచి రబ్బరు పట్టా తెచ్చి పరిచారు. ఆయన కోసమే అనుకున్నాను. నా ప్యాంటు తడిసిపోయి ఉండటం చూసి దాన్ని నావైపు జరిపి, తాను మంచులోనే మోకాళ్ల మీద కూర్చున్నారు. నాకు గొంతు పెగల్లేదు.

ఒక చక్రానికి ఆయన వేసి, రెండోది నాచేత వేయించారు. కొంచెం దూరం పోయాక మళ్లీ బిగించాలట. అది చూడటానికి తానే పికప్‌లో ముందు వెళ్లి, ఆపించి, దిగి వచ్చారు. లోయంతా కనిపించే టనెల్ వ్యూ అనే చోటు దాకా అలాగే మా ముందే వెళ్లారు. సొరంగం దాటగానే ఎడమన ఎల్ కాపిటాన్ కొండ, కుడిన బ్రైడల్‌వీల్ జలపాతం, మధ్యలో మబ్బుల్లోంచి హాఫ్ డోమ్ శిఖరం. నేను ట్రైపాడ్ దించేలోపే చెయ్యి ఊపి వెళ్లిపోయారు. పేరైనా అడగలేదు. కళ్లు చెమర్చి ఫోకస్ కూడా కుదరలేదు. ఆయన పట్టా మా డిక్కీలోనే ఉండిపోయింది.

ఒక్క మాట మాత్రం అనాలి. చెయిన్లు లేనిదే రావద్దని పార్కు వాళ్ల రూలు. వాటిని వేయకూడదని మా అద్దె కారు కాగితాల్లో చిన్న అక్షరాల్లో ఉంది. కారు ఇచ్చేటప్పుడు ఎక్కడికి వెళ్తున్నామో చెప్పినా ఒక్కరూ ఈ మాట అనలేదు. పిల్లలతో అలాంటి దారిలో ఇరుక్కుంటే ఎవరిది బాధ్యత?

తిరుగు దారంతా మా ఆవిడే నడిపింది. బావమరిది పిల్లల్ని చూసుకున్నాడు. థాంక్స్.

అయ్యో, టైరు మీద సైజు చదివి సరైన చెయిన్లు ఇచ్చిన ఓక్‌హర్స్ట్ ఊరి షాపు అమ్మాయికి కూడా. పార్కు గేటు దగ్గర మ్యాపు మీద దారి గీసిచ్చిన రేంజర్‌కి. మాకంటే ముందే లేచి ఆ రోడ్డు మీద మంచు తోసిన డ్రైవర్‌కి కూడా.