నీళ్ల సీసాలోనే మాయమయ్యే పురుగుమందు: గ్రామీణ నీటి సరఫరా శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ నీటి సరఫరా శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

గోదావరి డెల్టాలో సముద్రం దగ్గరి ఊళ్లకు తాగునీరంటే చెరువు నీరే. బోరు వేస్తే ఉప్పునీళ్లు పడతాయి. కాలువలు కట్టేసేలోగా మంచినీళ్ల చెరువు నింపుకున్నామా, వేసవి గట్టెక్కినట్టే. ఆ చెరువు గట్టు దిగితే ఒకవైపు వరిచేలు, ఇంకోవైపు రొయ్యల చెరువులు. దాళ్వా (రబీ) పంటకు నీటి ఎద్దడి వచ్చిన ఏడాది డ్రైన్లకు అడ్డుకట్టలు వేసి, చేలు వదిలేసిన నీటినే మళ్లీ కాలువలోకి తోడడం ఇక్కడ కొత్తేమీ కాదు. ఆ నీళ్లలో పురుగుమందులు ఏ మేరకు ఉన్నాయో చూడమని ఊళ్లవాళ్లు అడుగుతున్నారు, మీ శాఖ పరీక్ష చేయిస్తోంది. అంతవరకు బాగానే ఉంది. ఆ పరీక్ష జరిగే తీరు గురించే ఈ లేఖ.

నేను చాలాకాలం డిగ్రీ విద్యార్థులకు రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి. ఒక ఎండాకాలం మా చెరువు దగ్గర నమూనా తీస్తుంటే పక్కనే నిలబడి చూశాను. తాగి పారేసిన ప్లాస్టిక్ సీసాను చెరువు నీళ్లతోనే కడిగి, నింపి, మూత బిగించి బైకు సంచిలో వేశారు. ఐసు లేదు. నీటిలోని పురుగుమందు విరగకుండా సీసాలో ఏ రసాయనమూ వేయలేదు. తీసిన టైము, ఆ గడియలో నీటి పీహెచ్ (7కు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం అని చెప్పే అంకె) రాసుకున్న కాగితం లేదు. అది ప్రయోగశాల చేరేసరికి రెండు మూడు రోజులు పట్టింది. తర్వాత గ్రామసభలో ఫలితం చదివారు: పురుగుమందుల అవశేషాలు కనబడలేదు. జనం చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేకపోయాను. కార్బమేట్ జాతి మందుల విషయంలో ఆ ‘కనబడలేదు’కు అర్థం లేదు కాబట్టి.

వరిలో వేసే గుళికల్లో కార్బోఫ్యూరాన్, ఒకప్పుడు సెవిన్ పేరుతో ఊరూరా అమ్మిన కార్బరిల్, పత్తి మీద, కూరగాయల మీద కొట్టిన మిథోమిల్ అన్నీ కార్బమేట్లే. వీటిలో చాలావాటికి నీళ్లలో క్షారగుణం పెరిగితే ఆయువు తగ్గుతుంది. రైతుకు ఇది తెలియని సంగతేమీ కాదు. సున్నం ఉన్న బోర్డో మిశ్రమంతో కలిపి కొట్టొద్దని డీలరే చెబుతాడు. కలిపితే డ్రమ్ములోనే మందు చచ్చిపోతుంది. చెరువులో జరిగేదీ అదే, కాస్త నెమ్మదిగా. నీటిలోని క్షారం కార్బమేట్‌లో నైట్రోజన్ మీదున్న హైడ్రోజన్‌ను లాగేస్తుంది. దాంతో అణువు రెండు ముక్కలవుతుంది. కార్బోఫ్యూరాన్, కార్బరిల్‌ల విషయంలో ఒక ముక్క ఫినాల్ జాతిది, రెండోది మిథైల్ ఐసోసైనేట్. అవును, 1984 డిసెంబరులో భోపాల్‌ను వల్లకాడు చేసిన వాయువే అది. అక్కడ కార్బరిల్ తయారుచేయడానికే దాన్ని ట్యాంకుల్లో నిల్వ ఉంచారు. చెరువులో దానికి భయపడక్కర్లేదు. పుట్టీ పుట్టగానే నీరు దాన్ని పట్టేసి మిథైల్ అమీన్, కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేస్తుంది.

అసలు కథ వేగంలో ఉంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే ఇలా విరగడం సుమారు పది రెట్లు వేగమవుతుంది. మామూలు గది వేడిమిలో, పీహెచ్ 7 ఉన్న నీటిలో కార్బోఫ్యూరాన్ సగానికి తగ్గడానికి నాలుగైదు వారాలు పడుతుంది. 8 దగ్గర మూడు నాలుగు రోజులు. 8.7 దగ్గర ఒక రోజు కూడా పట్టదు. పీహెచ్ 6కు దిగితే నెలల తరబడి అలాగే ఉంటుంది. కార్బరిల్‌కు 7 దగ్గర పది పన్నెండు రోజులు, 9 దగ్గర మూడు గంటలు.

ఇప్పుడు మా సీసా లెక్క చూడండి. పచ్చని నాచు పట్టిన చెరువులో మిట్టమధ్యాహ్నం పీహెచ్ 8.5 దాటడం మామూలే. అందుకే రొయ్యల రైతు తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పీహెచ్ చూసుకుంటాడు. ఆ నీళ్లలో లీటరుకు 20 మైక్రోగ్రాముల కార్బోఫ్యూరాన్ ఉందనుకుందాం. తాగునీటిలో 7 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది కాబట్టి అది దాదాపు మూడింతలు. రోజుకు సగం చొప్పున తగ్గితే మూడో రోజుకు మిగిలేది రెండున్నర. బైకు సంచిలో మే నెల ఎండ తగిలితే ఇంకా తక్కువ. ప్రయోగశాలవాళ్లు నిజాయితీగానే చూశారు. కానీ వాళ్ల చేతికి అందింది చెరువులో ఉన్న నీరు కాదు.

దీనికి ఉపాయం ఎప్పుడో కనిపెట్టారు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ కార్బమేట్ల కోసం రాసిన 531.1 పద్ధతిలో, నమూనా తీసేటప్పుడే సీసాలో ఆమ్లపు బఫర్ (పీహెచ్‌ను మారకుండా పట్టి ఉంచే ద్రావణం) వేసి పీహెచ్‌ను 3కు దించుతారు. నీటిలో క్లోరిన్ ఉంటే దాన్ని చంపడానికి సోడియం థయోసల్ఫేట్ వేస్తారు. తర్వాత ఐసులో పెట్టి పంపుతారు. ఆ ఆమ్లంలో కార్బమేట్ కదలకుండా కూర్చుంటుంది. విచిత్రమేమిటంటే, ప్రయోగశాలకు వెళ్లాక అదే పద్ధతి దాన్ని కావాలని విరగ్గొడుతుంది. యంత్రంలో ఒక్కో మందునూ విడదీశాక వేడి క్షారం తగిలించి మిథైల్ అమీన్ రాబడతారు, దానికి మెరిసే రంగు పదార్థం కలిపి కొలుస్తారు. దారిలో విరిగితే సాక్ష్యం పోయినట్టే, యంత్రంలో విరిగితే అదే సాక్ష్యం. ఇంకో మాట: కార్బమేట్లు వేడికి ఆగవు, నమూనాను వేడిచేసి ఆవిరిగా విడదీసే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో ఎక్కిస్తే లోపలే ముక్కలైపోతాయి. ఏ యంత్రం మీద చూశారో రిపోర్టులో రాయకపోతే ఆ రిపోర్టును నమ్మాలో వద్దో చదివేవాడికి తెలియదు.

ఎలాగూ విరిగిపోయేదే కదా, ఇంత రాద్ధాంతం ఎందుకని మీ అధికారులు అనొచ్చు. చేలో వేసేది ఎంతో చూస్తే అలా అనరు. వరిలో కార్బోఫ్యూరాన్ 3జి (మూడు శాతం మందున్న) గుళికలు ఎకరాకు 10 కిలోలు వేయమని సిఫార్సు ఉండేది. అంటే అసలు మందు 300 గ్రాములు. ఎకరంలో రెండంగుళాల నీరు నిలబెడితే సుమారు రెండు లక్షల లీటర్లు. గుళికల్లోని మందంతా ఆ నీటిలో కరిగిందనుకుంటే లీటరుకు దాదాపు 1,500 మైక్రోగ్రాములు, అంటే ఆరోగ్య సంస్థ హద్దుకు 200 రెట్లు పైన. అది 7కు దిగాలంటే ఎనిమిది సార్లు సగం కావాలి. పీహెచ్ 8 నీటిలో అది నాలుగు వారాల మాట. 7 దగ్గరైతే ఏడెనిమిది నెలలు. నిజమైన చేలో ఎండ, మట్టి, సూక్ష్మజీవులు కూడా పని చేస్తాయి కనుక ఇంతకంటే త్వరగానే తగ్గుతుంది, ఒప్పుకుంటాను. అయితే గుళికలు వేసిన మూడో నాడే పెద్ద వాన పడి గట్లు తెగితే సూక్ష్మజీవులకు టైమెక్కడిది?

విరగడమంటే విషం పోవడమేనని కూడా అనుకోకండి. కార్బోఫ్యూరాన్ మట్టిలో, మొక్కలో కొంత 3-హైడ్రాక్సీ కార్బోఫ్యూరాన్‌గా మారుతుంది. అందులో కార్బమేట్ బంధం చెక్కుచెదరదు, విషమూ అలాగే ఉంటుంది. కార్బోసల్ఫాన్ అనే మరో కార్బమేట్ ఆమ్లపు నీటిలో విరిగితే వచ్చేది కార్బోఫ్యూరానే. వరిలో గుళికలుగా వేసే కార్టాప్ హైడ్రోక్లోరైడ్ గంధకం ఉన్న కార్బమేట్, అంటే థయోకార్బమేట్. అది విరిగాకనే పురుగును చంపే నెరిస్‌టాక్సిన్ పుడుతుంది. మిరప రైతు ఎం-45 అని పిలిచే మాంకోజెబ్ నీళ్లలో ఒకటి రెండు రోజుల్లో విరిగి, ఇథిలీన్ థయోయూరియాను వదులుతుంది. థైరాయిడ్‌ను దెబ్బతీసేది ఆ ముక్కే. మాంకోజెబ్ కోసం వెతికి లేదని రాస్తే, ఇంట్లో దొంగ ఉండగా వాడి చెప్పులు గుమ్మంలో లేవని తిరిగి వెళ్లిపోయినట్టు ఉంటుంది.

అమెరికాలో ఈ పాఠం బావుల దగ్గర నేర్చుకున్నారు. న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలాండ్‌లో బంగాళాదుంప చేలకు అల్డికార్బ్ అనే కార్బమేట్ వేశారు. త్వరగా విరిగిపోతుందనుకున్నారు. అక్కడి ఇసుక నేలలు ఆమ్లపువి, భూగర్భజలం చల్లనిది. 1979లో తాగే బావుల్లో అది బయటపడింది. మా నీళ్లు వేడివి, క్షారపువి కాబట్టి మనకు ఆ గతి పట్టదని కొందరంటారు. సగం నిజమే. ఆ క్షారమే మన సీసాల్లో సాక్ష్యాన్ని తినేస్తోంది.

కేంద్రం నిద్రపోలేదు. 2018లో కార్బరిల్‌ను నిషేధించింది. 2023లో మిథోమిల్‌ను నిషేధించి, కార్బోఫ్యూరాన్‌లో 3 శాతం ఎన్‌క్యాప్సులేటెడ్ (పూత పెట్టిన) గుళికలు తప్ప మిగతా రూపాలను ఆపేసింది. మరి మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500:2012 చూడండి. అందులో 18 పురుగుమందుల పేర్లున్నాయి. డీడీటీ, ఎండోసల్ఫాన్, మోనోక్రోటోఫాస్, ఫోరేట్ ఉన్నాయి. కార్బమేట్ ఒక్కటీ లేదు. పట్టికలో లేనిదాన్ని ఏ ప్రయోగశాల మాత్రం పనిగట్టుకుని వెతుకుతుంది? ఊళ్లలో పంచిన నీటి పరీక్ష కిట్ల సంగతి సరేసరి, వాటితో పురుగుమందు తెలియదు.

పట్టిక మార్చడం ఆ ప్రమాణాలు రాసే భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పని, మీరు వాళ్లకు రాయాలి. ఈలోగా మీ చేతిలో ఉన్నవి చేయండి. డెల్టా జిల్లాల్లో కాలువ నీటితో నింపే మంచినీళ్ల చెరువులకు కార్బోఫ్యూరాన్, దాని 3-హైడ్రాక్సీ రూపం, నెరిస్‌టాక్సిన్, ఇథిలీన్ థయోయూరియా పరీక్షలు రాష్ట్రం తరఫున చేర్చండి. ఒక్కోదానికి పద్ధతి వేరు, సీసాలో వేసేదీ వేరు. ఏ సీసాలో ఏ రసాయనం వేయాలో అది ప్రయోగశాలే ముందుగా వేసి పంపాలి. కార్బమేట్ సీసాలు ముదురు రంగు గాజువై ఉండాలి, ఐసు పెట్టె లేకుండా నమూనా తీయకూడదు. నీరు తీసిన గంట, అప్పటి పీహెచ్, నీటి వేడిమి, సీసా ప్రయోగశాల చేరిన గంట రిపోర్టు మీదే అచ్చవ్వాలి. ‘కనబడలేదు’ అని రాసినచోట, ఆ యంత్రం ఎంతకంటే తక్కువ ఉంటే కనిపెట్టలేకపోతుందో ఆ అంకె కూడా రాయించండి. ఇందులో ఖరీదైనది యంత్రం ఒక్కటే. మిగతాదంతా సీసాలో పది చుక్కల ఆమ్లం, ఒక పెన్ను.

నమూనాలు ఎప్పుడు తీయాలో వ్యవసాయ శాఖను అడిగి నిర్ణయించండి. దాళ్వా నాట్లయ్యాక గుళికలు చల్లే వారాల్లో ఒకసారి, చెరువు నింపే రోజున ఒకసారి, సార్వా (ఖరీఫ్)లో మొదటి పెద్ద వాన పడ్డ మర్నాడు ఒకసారి. మే నెలలో, కాలువ కట్టేసిన నెలకు వచ్చి తీస్తే, సీసా ఎంత శుద్ధంగా పట్టినా గ్రామసభలో మళ్లీ అదే వాక్యం చదవాల్సి వస్తుంది.

ఇట్లు,
విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
పశ్చిమ గోదావరి జిల్లా